ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనబోయే పిల్లలకు

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే పెద్ద సెన్సర్ కెమెరా) కొంటే ఫొటోలు బాగా వస్తాయా అని మీలో చాలామంది అడుగుతున్నారు. మీరు ఏ వేళలో తీస్తారో చెప్పండి, అప్పుడు జవాబు చెప్తాను. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని తీసి ఫోన్‌లో చూసుకునేవాళ్ళకి పెద్ద సెన్సర్‌కీ (వెలుగుని పట్టి ఫొటోగా మార్చే పలక) చిన్న సెన్సర్‌కీ తేడా దాదాపు కనిపించదు. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, బల్బుల వెలుతురులో చేపల అమ్మకం తీసేవాళ్ళకి మాత్రం మొదటి ఫొటోలోనే తెలుస్తుంది. కెమెరాని పరీక్షించాల్సింది అలాంటి చోటే గానీ షోరూమ్ లైట్ల కింద కాదు.

ఎందుకంటే, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. పాత 35 ఎంఎం ఫిల్ములో ఒక ఫ్రేము సైజు అదే. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ సుమారు 23.5 × 15.6 మాత్రమే. విస్తీర్ణం లెక్కేస్తే పెద్దది రెండింతల పైమాటే. సన్నగా చినుకులు పడుతున్నప్పుడు వెడల్పాటి పళ్ళెంలో ఎక్కువ నీళ్ళు చేరినట్టే, దాని మీద వెలుగు కూడా ఎక్కువ చేరుతుంది. వెలుగు తక్కువైన చోటే ఫొటోలో గరుకుగా నాయిస్ కనిపిస్తుంది.

ఇప్పుడు హార్బర్ లెక్క చూడండి. చేపలు తూచే చేతులు ఆగవు, కాబట్టి షట్టర్ (వెలుగుని లోపలికి వదిలే తెర) స్పీడు 1/250 సెకను కన్నా తగ్గించలేరు. మంచి జూమ్ లెన్స్ అయినా సాధారణంగా ఎఫ్ 2.8 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అంకె తగ్గితే రంధ్రం పెద్దది) కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఇక మిగిలింది ఐఎస్‌ఓ (అందిన వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచడమే. ఒకే కాలం నాటి రెండు కెమెరాలు తీసుకుంటే, చిన్న సెన్సర్ 3200 దగ్గర ఇచ్చే శుభ్రతని ఫుల్ ఫ్రేమ్ సుమారుగా 6400 దగ్గర కూడా ఇస్తుంది. ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పైచిలుకు లాభం అన్నమాట. చదవడానికి చిన్నదే, కానీ ముఖం మీద చెమట ముఖం మీద చెమటలా కనిపించడానికి ఆ ఒక్క స్టాప్ చాలు.

మన ఊరికి ఇంకో పరీక్ష కూడా ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మనం ఒడ్డు మీద నిలబడి ఎదురుగా తీస్తాం. ఆకాశం మండిపోతుంటుంది, పడవలూ మనుషులూ నల్లగా పడతారు. కెమెరా చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ మెమరీ కార్డు తీసుకెళ్ళండి. రా ఫైల్‌లో (కెమెరా ఏమీ సరిచేయని ముడి ఫొటో), ఆకాశం తెల్లబడిపోకుండా ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) పెట్టి ఒక ఫొటో తీయండి. ఇంటికొచ్చి కంప్యూటర్లో నీడలు పైకి లేపి చూడండి. లోపల చొక్కా రంగు బయటపడిందా, లేక ఊదారంగు మచ్చలూ గీతలూ వచ్చాయా? కొన్ని పాత ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు సరిగ్గా ఈ పరీక్షలోనే ఓడిపోతాయి. సెన్సర్ పెద్దదైనంత మాత్రాన చాలదు, అది ఏ తరానిదో కూడా ముఖ్యం.

మెగాపిక్సెళ్ళ (ఒక్కోటి పది లక్షల చుక్కలు) గురించి టెన్షన్ వద్దు. 12 × 18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున 20 మెగాపిక్సెళ్ళ లోపే సరిపోతాయి. 2014లో వచ్చిన నికాన్ డీ750కి 24 ఉన్నాయి. 2017 నాటి డీ850కి 45 దాటాయి, కానీ దాని ఫైళ్ళు దాచడానికి హార్డ్‌డిస్కులు కొంటూనే ఉండాలి.

ఫోకస్ దగ్గర మాత్రం తొందరపడకండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్, ఫొటో తీసే సెన్సర్ వేరువేరు. అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుగుని కిందికి పంపితే, అక్కడ ఫోకస్ కొలుస్తారు. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. మూడు సీసాలు ఏటవాలుగా వరసలో పెట్టి, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) పూర్తిగా తెరిచి, మధ్య సీసా మీద ఫోకస్ చేయండి. వ్యూఫైండర్లో (కన్ను పెట్టి చూసే చోట) చూస్తూ ఒకటి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ, అప్పుడు ఫొటో తీసే సెన్సరే ఫోకస్ చూస్తుంది) ఒకటి తీయండి. రెండూ కలవకపోతే మెనూలో ఫోకస్ సవరణ ఉందో లేదో అడగండి. ఫోకస్ పాయింట్లు (ఫోకస్ పట్టే గుర్తులు) చాలా ఫుల్ ఫ్రేమ్ బాడీల్లో (లెన్స్ లేని కెమెరా) మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. ముఖాన్ని ఫ్రేము అంచున పెట్టే అలవాటున్నవాళ్ళకి ఇది నిజమైన ఇబ్బంది.

లెన్సుల ఖర్చు కూడా కలుపుకోండి. నికాన్‌లో ఫుల్ ఫ్రేమ్ బాడీకి చిన్న సెన్సర్ లెన్స్ తగిలిస్తే బొమ్మ మధ్య భాగమే వాడుకుంటుంది, 24 కాస్తా 10 మెగాపిక్సెళ్ళవుతాయి. కానన్‌లో చిన్న సెన్సర్ కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ బాడీకి అసలు పట్టవు. కంబాలకొండలో పక్షులు తీసేవాళ్ళు చిన్న సెన్సర్‌తోనే ఉండిపోయినా తప్పులేదు. వాళ్ళ 300 ఎంఎం లెన్స్ 450 ఎంఎం లెన్స్‌లా చూస్తుంది, అంటే పక్షి ఇంకా దగ్గరగా కనిపిస్తుంది, బరువూ కలిసొస్తుంది. డీ850 ఒక్కటే కిలో. దానికి 70-200 ఎఫ్ 2.8 జూమ్ లెన్స్ తగిలించుకుని సింహాచలం మెట్లెక్కి చూడండి, మెడ చెప్తుంది. పరిమితమైన డబ్బుంటే నేను పాత బాడీ, మంచి లెన్స్ వైపే మొగ్గుతాను.

కంపెనీలు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) వైపు వెళ్ళిపోయాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో మంచి బాడీలు దొరుకుతున్నాయి. డీ750 షట్టర్‌ని లక్షన్నర క్లిక్కులకి పరీక్షించారు. ఎన్ని అయిపోయాయో అడగండి. కానీ మన ఊళ్ళో క్లిక్కుల కన్నా ఉప్పుగాలి ప్రమాదం. లెన్స్ మౌంట్ స్క్రూలు, ఫ్లాష్ పెట్టే హాట్‌షూ, బ్యాటరీ గది చూడండి. తుప్పు గానీ పచ్చటి పొర గానీ కనిపిస్తే వదిలేయండి. లెన్స్‌లోకి టార్చి వేసి చూడండి, సాలెగూడు లాంటి పోగులుంటే అది ఫంగస్. ఎఫ్ 16లో తెల్లగోడని తీస్తే సెన్సర్ మీద దుమ్ము బయటపడుతుంది. కొన్నాక బీచ్ నుంచి రాగానే కొద్దిగా తడిపిన గుడ్డతో బాడీ తుడిచి, ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. లోపల తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు.

ఇంకో మాట. నేవీ స్థలాల వైపు, పోర్టులో నిషేధం ఉన్న చోట్ల లెన్స్ ఎత్తొద్దు.

డబ్బు కట్టేముందు ఒక్కరోజు అద్దెకి తీసుకోండి. తీసిన రా ఫైళ్ళు ఏమీ సరిచేయకుండా నాకు పంపండి, చూసి ఏమనుకుంటున్నానో రాస్తాను.

మీ తాతయ్య