క్రోక్ పార్క్: నేనూ ఒకప్పుడు చెప్పిన తప్పుడు కథలు

డబ్లిన్ చూడ్డానికి వచ్చినవాళ్లకు ఊరు తిప్పి చూపించడం నా పని. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకుంటారు. వాళ్లకు తెలుగులోనే చెబుతాను. జోన్స్ రోడ్డు పక్కన, రైలు పట్టాలకీ కాలువకీ మధ్య ఇరుక్కున్న క్రోక్ పార్క్ స్టేడియం దగ్గరికి రాగానే, ఎవరో ఒకరు ముందే విని వచ్చిన కథ ఒకటి మొదలుపెడతారు. ఆ కథల్లో సగం నిజం కాదు. మొదట్లో నేనూ వాటినే చెప్పేవాణ్ణి లెండి.

అపోహ: హిల్ 16 గుట్టను 1916 తిరుగుబాటు శిథిలాలతో కట్టారు.

స్టేడియానికి ఉత్తరం వైపు, కుర్చీలు లేకుండా జనం నిలబడి మ్యాచ్ చూసే మెట్ల వరుస ఉంటుంది. అదే హిల్ 16. 1916 ఈస్టర్ వారంలో బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వాళ్లు తిరగబడ్డారు. అప్పుడు బ్రిటిష్ ఫిరంగుల దెబ్బకు డబ్లిన్ నడిబొడ్డున కూలిన భవనాల రాళ్లూ ఇటుకలూ తెచ్చి ఇక్కడ పోశారని, అందుకే పేరులో ఆ పదహారు అని చెబుతారు. వినడానికి ఎంత బాగుందో చూడండి! ఒక సీజన్ అంతా ఈ కథే చెప్పాను. ఒకరోజు గుంపులో ఉన్న ఒక ఐరిష్ పెద్దాయన అంతా ఓపిగ్గా విని, చివర్లో పక్కకు పిలిచి, "బాబూ, ఆ గుట్ట తిరుగుబాటు కంటే ముందే ఉంది" అన్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన చెప్పిందే నిజం. ఆ గట్టు 1915 నాటికే లేచింది. అప్పుడు దాన్ని జనం 'హిల్ 60' అనేవాళ్లు. 1915 ఆగస్టులో టర్కీలోని గలిపోలీ దగ్గర ఆ పేరున్న గుట్ట కోసం ఘోరమైన పోరు జరిగింది. బ్రిటిష్ సైన్యంలోని కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ దళం అక్కడ చాలామందిని పోగొట్టుకుంది. బ్రిటిష్ ఇండియా సైన్యం నుంచి గూర్ఖాలు కూడా ఆ పోరులో ఉన్నారు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక, జాతీయవాదుల మైదానంలో బ్రిటిష్ సైన్యపు యుద్ధం పేరేమిటని ఐరిష్ సంప్రదాయ ఆటలను నడిపే, ఈ మైదానం సొంతదారైన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెద్దలకు గుచ్చుకుంది. అరవై పోయి పదహారు వచ్చింది. శిథిలాల కథ ఆ పేరుకు తగ్గట్టు కుదిరిపోయింది. నన్నడిగితే అసలు సంగతే ఎక్కువ ఆసక్తిగా ఉంది. అప్పటి డబ్లిన్‌లో ఒక ఇంట్లో అన్న బ్రిటిష్ యూనిఫాంలో, తమ్ముడు తిరుగుబాటులో ఉండటం వింతేమీ కాదు. ఆ చిక్కుముడంతా ఈ పేరు మార్పులోనే కనబడుతుంది.

అపోహ: 1920లో సాయుధ శకటం మైదానంలోకి దూసుకొచ్చి ఆటగాళ్లను కాల్చింది.

ఇది 1996లో వచ్చిన ఒక సినిమా పుణ్యం. 1920 నవంబర్ 21, ఆదివారం. పొద్దున ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు నగరంలో బ్రిటిష్ గూఢచారి అధికారులను వాళ్లు ఉంటున్న గదుల్లోనే చంపారు. మధ్యాహ్నం ఇక్కడ డబ్లిన్, టిప్పరరీ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జట్ల మధ్య ఐరిష్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్. కాలువ వంతెన వైపు నుంచి పోలీసు లారీలు వచ్చాయి. దిగుతూనే కాల్పులు మొదలయ్యాయి. దాదాపు 90 సెకన్లలో 228 తూటాలు. 14 మంది చనిపోయారు. వాళ్లలో 10, 11, 14 ఏళ్ల పిల్లలు ముగ్గురు. ఆటగాళ్లలో చనిపోయింది ఒక్కడే, టిప్పరరీ జట్టు మైకేల్ హోగన్. ఇప్పుడు హోగన్ స్టాండ్ అంటున్నది ఆయన పేరే.

సాయుధ శకటం ఉన్న మాట నిజమే. అయితే అది మైదానం బయట సెయింట్ జేమ్స్ అవెన్యూ దగ్గర ఉంది. బయటికి పరుగెత్తుతున్న జనం తలల మీదుగా దాని మెషిన్ గన్ సుమారు 50 తూటాలు కాల్చింది. లోపల కాల్చింది మాత్రం పోలీసు బలగాలు. ఆదేశం లేకుండానే కాల్పులు జరిగాయని, పరిస్థితికి మించి కాల్చారని సైనిక విచారణే తేల్చింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు.

ఇక్కడికొచ్చేసరికి మనవాళ్లు "అంటే వీళ్ల జలియన్‌వాలా బాగ్ అన్నమాట" అంటారు. రెంటికీ మధ్య 19 నెలలే తేడా. ఇంకో సంగతి చెబితే ఎవరూ వెంటనే నమ్మరు: జలియన్‌వాలా బాగ్ నాటి పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓ'డ్వయర్ పుట్టింది కూడా టిప్పరరీలోనే. ఒకే కౌంటీ, ఇద్దరు మైకేళ్లు: హోగన్, ఓ'డ్వయర్.

అపోహ: క్రోక్ అనే ఆయన ఈ స్థలం దానం చేశాడు.

మన దగ్గర దాతల పేర్లు పెట్టే అలవాటు ఉంది కాబట్టి ఈ అనుమానం సహజం. థామస్ క్రోక్ క్యాషెల్ ఆర్చ్‌బిషప్, 1884లో పుట్టిన అసోసియేషన్‌కు తొలి పోషకుల్లో ఒకరు. 1902లోనే కన్నుమూశారు. స్థలం కోసం నిజంగా చేతులు కాల్చుకున్నది ఫ్రాంక్ డినీన్. 1908లో 3,250 పౌండ్లకు సొంతంగా కొని, బరువు మోయలేక కొంత ముక్క జెసూట్ పాదిరీలకు అమ్మి, మిగతాది 1913లో 3,500 పౌండ్లకు అసోసియేషన్‌కు ఇచ్చాడు. ఆ డబ్బు క్రోక్ స్మారకం కోసం పెట్టిన టోర్నమెంట్‌లో వచ్చిన వసూళ్ల నుంచి సమకూరింది. పేరు అలా వచ్చింది. డినీన్ పేరు ఇప్పుడు హిల్ 16 అధికారిక పేరులో ఉంది: 'డినీన్ హిల్ 16'.

అపోహ: 2007 దాకా ఇక్కడ విదేశీ ఆటలేవీ అడుగుపెట్టలేదు.

1972 జులై 19న ముహమ్మద్ అలీ ఇక్కడే బాక్సింగ్ చేశాడు. 1997లో అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడారు. రానివ్వనిది ముఖ్యంగా సాకర్‌ను (మనం ఫుట్‌బాల్ అనే ఆట), రగ్బీని. వాటిని ఇంగ్లిష్ వాళ్ల ఆటలుగా చూసేవారు. ఆ రెండు ఆటలూ ఆడే డబ్లిన్‌లోని లాన్స్‌డౌన్ రోడ్ స్టేడియం పడగొట్టి కట్టాల్సి రావడంతో 2005లో నియమం సడలించారు. 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్‌తో రగ్బీ మ్యాచ్. హోగన్ చనిపోయిన మైదానంలో బ్రిటన్ జాతీయగీతం వాయిస్తే ఏమవుతుందోనని దేశమంతా టెన్షన్. ఏమీ కాలేదు. జనం మర్యాదగా విన్నారు, తర్వాత ఐర్లండ్ 43-13తో గెలిచింది.

అపోహ: ఇంత పెద్ద స్టేడియంలో ఆడేవాళ్లు కోటీశ్వరులై ఉంటారు.

82,300 మంది పట్టే చోటు చూసి ఐపీఎల్ లెక్కలు వేస్తారు మనవాళ్లు. కర్రలతో బంతిని కొట్టే ఐరిష్ ఆట హర్లింగ్‌కి గానీ గేలిక్ ఫుట్‌బాల్‌కి గానీ జీతాలు లేవు, వేలం పాటలు లేవు. పుట్టిన ఊరి క్లబ్బు, ఆ కౌంటీ జట్టు, అంతే. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీసుకు వెళతారు. మొన్నొక గుంటూరు పెద్దావిడ ఇదంతా విని, "మరి ఈ టికెట్ల డబ్బంతా ఎవరు తింటున్నారు నాయనా?" అని అడిగింది. చాలావరకు తిరిగి క్లబ్బులకు, మైదానాలకే పోతుందని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.