జంతువుల మెదడులో రక్త పరిమాణం: ఎంఆర్ఐ కొలతపై అపోహలు, వాస్తవాలు

అపోహ: రక్త పరిమాణం, రక్త ప్రవాహం ఒకటే.

కాదు. వంద గ్రాముల కణజాలంలో ఎంత రక్తం ఉందో చెప్పేది పరిమాణం. నిమిషానికి ఎంత రక్తం అందుతోందో చెప్పేది ప్రవాహం. 1974లో గ్రబ్ అనే పరిశోధకుడి బృందం రీసస్ కోతుల్లో కార్బన్ డయాక్సైడ్ స్థాయి మార్చి కొలిచినప్పుడు, పరిమాణం ప్రవాహపు 0.38వ ఘాతాన్ని అనుసరించింది. ఆ లెక్కన ప్రవాహం రెట్టింపైనా పరిమాణం పెరిగేది సుమారు 30 శాతమే.

అపోహ: సిగ్నల్ తగ్గిందంటే రక్తం తగ్గినట్టే.

ఐరన్ ఆక్సైడ్ నానో కణాలను (ఎంఆర్ఐ సిగ్నల్‌ను తగ్గించే అతి సూక్ష్మ ఇనుప రేణువులను) మందుగా వాడినప్పుడు జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎలుక తోక సిరలోకి మందు ఎక్కించగానే తెరపై సిగ్నల్ గీత జారిపోయి, కొత్త మట్టంలో నిలబడుతుంది. ఈ కణాలు గంటల తరబడి రక్తనాళాల్లోనే ఉంటాయి. ఆ తర్వాత ముందు పంజాకు స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇస్తే, దాని స్పర్శను గ్రహించే మెదడు భాగంలో నాళాలు వ్యాకోచిస్తాయి. రక్తంతో పాటు ఇనుమూ అక్కడికి ఎక్కువగా చేరి, గీత ఇంకాస్త దిగుతుంది. మందు లేకుండా, రక్తంలోని ఆక్సిజన్ స్థాయి మార్పును చూసే మామూలు బోల్డ్ పద్ధతిలో ఇదే ప్రేరణకు గీత పైకి లేస్తుంది. ఈ తేడా తెలియకుండా మ్యాపుల రంగులు చదవకూడదు.

అపోహ: మందు ఎంత ఎక్కువైతే కొలత అంత స్పష్టం.

మోతాదు మితిమీరితే సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతుంది. ఎకో సమయం (ప్రేరేపించే పల్స్ నుంచి సిగ్నల్ నమోదు వరకు ఉండే వ్యవధి) మార్చకుండా లెక్కిస్తే, మందుకు ముందున్న సిగ్నల్ సుమారు 37 శాతానికి దిగినచోట ప్రేరణ వల్ల వచ్చే మార్పు అత్యంత బాగా కనిపిస్తుంది.

అపోహ: మత్తులో ఉన్న జంతువు కదలదు కాబట్టి కొలత నికరం.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇది. తల కదలనంత మాత్రాన నాళాలు స్థిరంగా ఉన్నట్టు కాదు. పీల్పించే మత్తుమందు ఐసోఫ్లురేన్ స్వయంగా మెదడు నాళాలను వ్యాకోచింపజేస్తుంది. మత్తు ఎక్కువై శ్వాస మందగిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని అవి మరింత వ్యాకోచిస్తాయి. రెండు గుంపుల ఎలుకల మధ్య కనిపించిన తేడా జబ్బు వల్ల వచ్చిందా, మత్తు లోతు వల్ల వచ్చిందా? శ్వాస రేటు, శరీర ఉష్ణోగ్రత, వీలైతే రక్త వాయువుల విలువలు నమోదు చేయకపోతే దీనికి జవాబు దొరకదు. అవి లేని ఫలితాన్ని, చిత్రం ఎంత అందంగా ఉన్నా, నేను నమ్మను.

అపోహ: వచ్చిన అంకె నేరుగా మిల్లీలీటర్లలో ఉన్న రక్తం.

మనం చూసేది మందుకు ముందూ తర్వాతా సడలింపు రేటులో, అంటే సిగ్నల్ క్షీణించే వేగంలో, వచ్చిన తేడాను. అది పరిమాణానికి అనుపాతంలో ఉంటుందే తప్ప పరిమాణమే కాదు. పైగా మందు ఉండేది ప్లాస్మాలో, ఎర్ర రక్తకణాల్లో కాదు. కేశనాళికల్లో ఆ కణాల పాలు పెద్ద నాళాల్లోకన్నా తక్కువ. అందుకే సాపేక్ష విలువగా చెప్పడమే నిజాయితీ. స్కాన్ పద్ధతి పేరూ పక్కనే రాయాలి: గ్రేడియంట్ ఎకో పెద్ద సిరలనూ లెక్కలోకి తెస్తుంది, స్పిన్ ఎకో ప్రధానంగా కేశనాళికల వంటి చిన్న నాళాలకే స్పందిస్తుంది.