గోయా రెక్కల మనుషులు, మన తెల్లచారలు

నల్లటి ఆకాశం. గబ్బిలం రెక్కల్లాంటివి తగిలించుకుని, తలకు పక్షి ముఖాలు తొడుక్కుని ఎగురుతున్న మనుషులు. కింద నేల కనిపించదు. చేతులకూ కాళ్లకూ తాళ్లు. లాగితేనే రెక్క ఆడుతుంది. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1815 ప్రాంతంలో మొదలుపెట్టిన వరసలోని ఈ బొమ్మ పేరు ‘ఎగిరే పద్ధతి’. రాగిరేకు మీద గుగ్గిలం పొడి అద్ది, ఆమ్లంతో తినిపిస్తే వచ్చిన చీకటి అది. గోయా 1828లో పోయాడు. బొమ్మ అచ్చయి జనానికి అందింది 1864లో.

నా చూపు ఎప్పుడూ ఆ కాళ్ల దగ్గరే ఆగుతుంది. వాళ్లు ఏ ఇంధనమూ కాల్చడం లేదు. ఒంటి సత్తువతోనే లేచారు.

అది అయ్యే పనేనా? పక్షి ఛాతీ కండరాల ముందు మన కండలు చాలవని ఇటలీ శాస్త్రజ్ఞుడు బొరెల్లీ గోయాకు వందేళ్లకు పైగా ముందే తేల్చాడు. రెక్కలు ఆడించడం మానేసి, కాళ్లతో ప్రొపెల్లర్ తిప్పాక సంగతి మారింది. 1979 జూన్ 12న అమెరికా సైక్లిస్టు బ్రయాన్ అలెన్ ‘గోసమర్ ఆల్బట్రాస్’ అనే విమానం పెడళ్లు తొక్కుతూ ఇంగ్లిష్ చానెల్ దాటాడు. 2 గంటల 49 నిమిషాల ప్రయాణం. ఆ విమానం బరువు 32 కిలోలే, రెక్కల వెడల్పు మాత్రం దాదాపు 30 మీటర్లు! అంత చేసినా మోసింది ఒక్క మనిషినే.

మంచి సైక్లిస్టు గంటల తరబడి ఇవ్వగలిగింది సుమారు 250 వాట్లు, అంటే మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజన్‌లో మూడోవంతే పనికొచ్చిందనుకున్నా, అంత పని చేయాలంటే ఆ సైక్లిస్టు 16 గంటలు తొక్కాలి. మనం దేని మీద ఎగురుతున్నామో నాకు ఈ లెక్కతోనే తెలిసొచ్చింది.

ఆ కిలో కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలోకి మూడు కిలోలేమిటంటారా? ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కదా, బరువు అక్కడినుంచే.

మన విమానాల వెనక ఆకాశంలో తెల్లచారలు కూడా మిగులుతాయి. బాగా చల్లగా, తేమగా ఉన్న గాలిలో ఇంజన్ మసి చుట్టూ నీరు గడ్డకట్టి మంచు స్ఫటికాలవుతుంది. పగలు ఆ చారలు కొంత ఎండను వెనక్కి తిప్పికొడతాయి. గోయా గీసినలాంటి చీకట్లో తిప్పికొట్టడానికి ఎండే ఉండదు. నేల నుంచి పైకి పోయే వేడిని పట్టి ఉంచడమే వాటి పని. తేమ పొరను తప్పించుకుని కాస్త పైనో కిందో ఎగిరితే చార పడదు. 2023లో వివరాలు వెల్లడైన ఒక ప్రయోగంలో 70 విమానాలను అలా నడిపితే చారలు సగానికి పైగా తగ్గాయి. దారి మార్చిన విమానాలకు ఇంధనం 2 శాతం ఎక్కువ పట్టింది.