అరటిపండు గుజ్జు, కాగితపు జన్యువు

ప్రాణుల లక్షణాలు రాసి ఉండే డీఎన్ఏను ఇంట్లోనే పిల్లలకు చూపించవచ్చు. బాగా ముగ్గిన అరటిపండు ముక్కను జిప్ కవర్లో వేసిస్తే చాలు, పిసకడానికి పిల్లలు పోటీ పడతారు. గుజ్జయ్యాక అర గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలపాలి. నురగ రాకుండా మెల్లగా తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఆ రసం మీదికి, ఫ్రీజర్‌లో పెట్టిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట జారవిడవాలి (ఇది పెద్దవాళ్ల పని, దగ్గర్లో మంట ఉండకూడదు). కాసేపటికి తెల్లటి పోగులు పైకి తేలతాయి, అదే డీఎన్ఏ. పుల్లతో చుట్టి లాగితే చీమిడిలా సాగుతాయి. ఛీ అంటూనే పుల్ల వదలరు.

సబ్బు కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను చీలుస్తుంది. డీఎన్ఏకి రుణావేశం ఉంటుంది కాబట్టి పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం ఆ గొడవ తీరుస్తుంది. స్పిరిట్‌లో డీఎన్ఏ కరగదు, అందుకే విడిపోయి బయటపడుతుంది. 1869లో మీషర్ అనే శాస్త్రవేత్త డీఎన్ఏను మొదటిసారి వేరుచేసింది ఆసుపత్రి కట్లకు అంటిన చీములోంచి. పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది ఈ ముక్కే.

అయితే ఆ పోగుల్లో భూతద్దం పెట్టి, బొమ్మల్లో డీఎన్ఏ కనిపించే మెలితిరిగిన నిచ్చెన ఆకారాన్ని వెతకనివ్వకండి. డీఎన్ఏ మందం 2 నానోమీటర్లే. పుల్లకు అంటింది లెక్కలేనన్ని పోగుల ముద్ద, అందులో కాస్త ప్రొటీన్ కూడా ఉంటుంది.

జన్యువు అంటే డీఎన్ఏలో ఒక పనికి సంబంధించిన ముక్క. దాన్ని కోసి వేరేచోట అతికించే జెనెటిక్ ఇంజనీరింగ్ అర్థం కావాలంటే కాగితం, కత్తెర కావాలి. పొడవాటి కాగితం మీద రెండు వరసల్లో డీఎన్ఏ అక్షరాలు రాయించండి: ఏ ఎదురుగా టీ, జీ ఎదురుగా సీ. రెండు కొసలు కలిపి అంటిస్తే అది ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి డీఎన్ఏ. వేరే రంగు కాగితం ఇన్సులిన్ జన్యువు. ప్లాస్మిడ్‌లో ఒకచోట, జన్యువుకు రెండు పక్కలా జీఏఏటీటీసీ అని ఉండాలి. ఈకోఆర్‌వన్ అనే ఎంజైమ్ ఆ మాట కనబడితేనే కత్తిరిస్తుంది, అదీ నిటారుగా కాదు. పై వరసలోనూ కింది వరసలోనూ జీకీ ఏకీ మధ్య కోస్తుంది కాబట్టి మెట్టులా నాలుగేసి అక్షరాలు వేలాడతాయి. తొందరపడి నిటారుగా కోసేసిన పిల్లల ముక్కలకు ఈ పట్టు దొరకదు. సరిగ్గా కోసిన రెండు రంగులూ ఇట్టే అతుకుతాయి. వాటిని కలిపే సెల్లోటేపు లాంటి ఎంజైమ్ పేరు లైగేజ్. ఇన్సులిన్‌ను 1978లో బ్యాక్టీరియాతో చేయించారు. అంతకుముందు పందులు, పశువుల క్లోమం నుంచి తీసేవారు.

ఎవరో ఒకరు జన్యువును తలకిందులుగా అంటిస్తారు. రెండు కొసలూ ఒకటే కనుక చక్కగా అతుక్కుంటుంది కూడా! నిజం ల్యాబుల్లోనూ ఇది జరుగుతుంది, అప్పుడు ఇన్సులిన్ రాదు. మరెలా అని అడిగితే, ఇంకో మాట దగ్గర కోసే రెండో కత్తెర చేతికివ్వండి. రెండు కొసలూ వేరైతే జన్యువు ఒకే దిశలో అతుకుతుంది.