అపోహలు - వాస్తవాలు: రాత్రి పది దాకా ఆగక్కర్లేదు

సౌండ్ మీటర్ పట్టుకుని హైదరాబాద్ కాలనీలు తిరగబట్టి పన్నెండేళ్లయింది, ఏ ఇంటికెళ్లినా ఒకటే మాట, "మైకులు, డీజేలు పది దాకా వాళ్లిష్టం కదండీ, పది దాటితేనే కదా కంప్లైంట్ తీసుకునేది?" కాదండీ, కానే కాదు. జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపిస్తున్న పుకారు ఇదే.

పోయిన పెళ్లిళ్ల సీజన్లో ఓ ఫంక్షన్ హాల్ వెనక సందులో ఉండే పెద్దావిడ ఇంటికెళ్లా. వాళ్లాయనకి బైపాస్ అయి నెల కూడా కాలేదు. సాయంత్రం ఆరింటికి డీజే మొదలైతే ఆయన్ని వెనక గదిలో పడుకోబెట్టి, తలుపు కింద దుప్పటి కుక్కి, పదెప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చునేదట. వారంలో మూడు నాలుగు రోజులు ఇదే. పదికి ముందు చట్టం ఏం చెయ్యలేదని ఎవరో వాట్సాప్‌లో పెట్టారట, పాపం నమ్మేసింది. హాల్ ప్రహరీ దగ్గర మీటర్ పెడితే 88 డెసిబెల్స్.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో పగలంటే పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, ఆ పగటికీ లిమిట్ ఉంది, ఇళ్ల మధ్యయితే 55 డెసిబెల్స్, రాత్రికి 45. మైకుకి రాతపూర్వక పర్మిషన్ ఉండాలి, పర్మిషన్ ఉన్నా సరే ఆ స్థలం హద్దు దగ్గర ఏరియా లిమిట్ మీద 10 దాటకూడదు, మొత్తం మీద 75 దాటకూడదు, రెండిట్లో ఏది తక్కువైతే అది. అంటే ఇళ్ల మధ్య 65. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు ప్రభుత్వం సైలెన్స్ జోన్‌గా ప్రకటిస్తే, అక్కడ పగలే 50.

88కీ 65కీ తేడా ఎంత, 23 ఏగా అంటారు. ఇవి కిలోలు కాదండీ, 10 పెరిగితే శబ్దశక్తి పదింతలు, 20 పెరిగితే వందింతలు, 23 అంటే దాదాపు రెండొందల రెట్లు!

అందుకని సౌండ్ నడుస్తుండగానే, సాయంత్రం ఏడైనా సరే, 112కి ఫోన్ చెయ్యండి, మర్నాడు స్టేషన్లో కాగితం మీద రాసివ్వండి, మైక్ పర్మిషన్ ఉందా అని అడగండి. ఆవిడ అలాగే రెండుసార్లు రాసిచ్చింది, స్పీకర్లు లోపలికెళ్లాయి. మళ్లీ కొలిస్తే 71. ఇంకా ఎక్కువే, కానీ ఆయన ముందుగదిలోకొచ్చి పడుకుంటున్నాడట.

ఫోన్ యాప్ రీడింగ్ సాక్ష్యం అనుకోకండి. మేం ప్రతిసారీ మీటర్‌ని క్యాలిబ్రేటర్‌తో, అంటే ఇంత శబ్దం అని ముందే తెలిసిన పరికరంతో సరిచూసుకుని కొలుస్తాం, ఫోన్ మైక్‌కి ఆ సంగతే లేదు. కాకపోతే ఏ రోజు ఏ టైంకి మొదలైందో రాసుకోడానికి, వీడియో తీసుకోడానికి ఫోన్ బాగా పనికొస్తుంది. గోడకి గుడ్ల ట్రేలు అంటిస్తే బయటి సౌండ్ ఆగదు, గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుంది అంతే. ఒక వరస చెట్లు కూడా ఆపవు. ఇక పొల్యూషన్ బోర్డువాళ్లు ఎలాగూ కొలుస్తున్నారుగా అనేవాళ్లకి, 2011లో మొదలుపెట్టిన జాతీయ నెట్‌వర్క్‌లో హైదరాబాద్‌తో కలిపి 7 నగరాలకి శబ్దం కొలిచే స్టేషన్లు 70, మీ సందు అందులో ఎక్కడ వినపడుతుంది?

చెవులు అలవాటు పడతాయన్నది ఇంకోటి. మా నాన్న రైస్ మిల్లులో ఇరవై ఏళ్లు చేశాడు, "ఇప్పుడు సౌండే తెలీట్లేదురా" అని సంతోషంగా చెప్పేవాడు. తెలియకపోవడం అలవాటు కాదు, చెవుడు మొదలవ్వడం. ఆడియోమెట్రీ, అదే వినికిడి పరీక్ష, చేయించేసరికి ఆలస్యమైపోయింది.

మొన్న మెయిన్ రోడ్డు పక్క ఫ్లాట్లో ఒకమ్మాయి మూణ్ణెల్ల బాబుని ఎత్తుకుని, హారన్లకి వీడి చెవులు పోతాయా అన్నా అని ఏడ్చేసింది. గదిలో కొలిచి చూపించా, 62. ఆ మాత్రం సౌండుకి చెవులు పోవమ్మా, దెబ్బ తినేది నిద్ర అని చెప్పి స్లైడింగ్ కిటికీ సందులకి రబ్బరు బీడింగ్ వేయించమన్నా, ఉయ్యాల రోడ్డు వైపు గదిలోంచి వెనక్కి మార్పించా.