పైలట్ మెడికల్: గార పళ్లు, కళ్లద్దాలు, కల్లు - అపోహలు, వాస్తవాలు

పైలట్ లైసెన్స్ కోసం హైదరాబాద్ వచ్చేవాళ్లకు మెడికల్ పరీక్షలు చేయడం నా పని. మాది నల్లగొండ కాబట్టి దేవరకొండ, మిర్యాలగూడ నుంచి, అటు పాలమూరు నుంచి వచ్చే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నాతో కాస్త చనువుగానే మాట్లాడతారు. వాళ్లు ఎక్కడెక్కడో విని వచ్చే మాటల్లో కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్ని కొంప ముంచుతాయి. కొంప ముంచేదానితోనే మొదలుపెడతా.

అపోహ: ముందు ఫీజు కట్టి సీటు ఖాయం చేసుకోవాలి, మెడికల్ తర్వాత చూసుకోవచ్చు

దయచేసి కట్టకండి. కమర్షియల్ పైలట్ ట్రైనింగ్ ఖర్చు ఇప్పుడు చాలాచోట్ల అరకోటి దాకా వెళ్తోంది. పొలం అమ్మి కట్టేవాళ్లను చూస్తున్నాను. ముందు డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఈజీసీఏ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని, వాళ్లు గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్-2 మెడికల్, అంటే మొదటి మెట్టు పరీక్ష చేయించుకోవాలి. డీజీసీఏ నుంచి ఫైల్ నంబర్ వచ్చాక క్లాస్-1కు, అంటే ఇంకా గట్టి పరీక్షకు వెళ్లాలి. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు క్లాస్-2 సరిపోతుంది. కానీ ఉద్యోగం ఇచ్చేది కమర్షియల్ లైసెన్సు, దానికి క్లాస్-1 తప్పనిసరి. క్లాస్-2 వచ్చిందన్న సంబరంలో డబ్బంతా కట్టేసి, ఆ తర్వాత క్లాస్-1లో ఆగిపోతే ఆ ఇంటి పరిస్థితి ఏంటి? క్లాస్-1 చేతికొచ్చేదాకా పొలం కాగితాలు బీరువాలోనే ఉంచండి.

అపోహ: గార పళ్లుంటే అన్‌ఫిట్ చేస్తారు

ఇది మన జిల్లాలోనే వినిపించే భయం. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నాతో మాట్లాడినంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. వాళ్ల నాన్నే చివరికి అడిగాడు: "సార్, పళ్లు జూసి పక్కకు పెడ్తరా? క్యాపులు ఏపిస్తె నయమంటున్నరు."

పెట్టరు. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పడ్డ మరకలవి. మరకను చూసి ఎవరినీ అన్‌ఫిట్ రాయరు. మేం చూసేది పుచ్చు, చిగుళ్ల వాపు, సరిగ్గా నమలగలరా లేదా అన్నది. పుచ్చు పన్నును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, పంటి లోపల చిక్కుకున్న గాలి వ్యాకోచిస్తుంది. నేల మీద ఊరుకున్న పన్ను ఆకాశంలో నొప్పితో ప్రాణం తోడేస్తుంది. క్యాపులకు పెట్టే డబ్బుతో పుచ్చులు పూడ్పించుకోండి చాలు. ఆ ఫ్లోరైడ్ ఎముకలనూ పట్టుకుంటుంది కాబట్టి అసలు చూడాల్సింది కీళ్లు. మెడ రెండు వైపులా పూర్తిగా తిరగకపోయినా, నడుము వంగకపోయినా, గొంతుక్కూర్చోలేకపోయినా అది పంటి మరక లాంటిది కాదు, ముందే ఎముకల డాక్టర్‌కు చూపించాలి. ఆ అబ్బాయికి మెడ బాగానే తిరిగింది. పుచ్చు రెండు పళ్లకు ఉంది.

అపోహ: కళ్లద్దాలు ఉంటే పైలట్ కాలేరు. ఇషిహారా బుక్ (రంగు చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం) బట్టీ కొడితే రంగుల పరీక్ష గట్టెక్కొచ్చు

మొదటి మాట ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చింది. అక్కడి కొలతలు వేరు. పొట్టివాళ్లకు ఛాన్స్ లేదన్న మాట కూడా అక్కడిదే, 162.5 సెంటీమీటర్ల నిబంధన వాళ్లది. సివిల్ లైసెన్సులో అద్దాలతోనైనా సరే దూరం చూపు ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6 వస్తే చాలు. విమానం నడిపేటప్పుడు ఇంకో జత అద్దాలు దగ్గర ఉంచుకోవాలి, అంతే. పరీక్షకు నెల ముందు పరుగెత్తుకెళ్లి లేసిక్ (అద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకోవద్దు. ఆపరేషన్ తర్వాత చూపు కుదురుకునేదాకా ఆగాలి, ఆ కాగితాలన్నీ చూపించాలి.

ఇక బట్టీ సంగతి. ఆ పుస్తకంలో ఒక పేజీ మామూలు చూపున్నవాళ్లకు 74లా కనిపిస్తుంది, ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు 21లా కనిపిస్తుంది. కొన్ని పేజీల్లో మామూలు కంటికి ఏమీ కనిపించదు, లోపం ఉన్న కంటికే అంకె కనిపిస్తుంది. ఫోన్‌లో చూసి కంఠస్థం చేసినవాడు పేజీల వరుస మార్చగానే తడబడతాడు. తెరవకముందే "ఇరవై తొమ్మిది సార్" అనేవాళ్లూ ఉన్నారు! ఈ లోపం ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. క్యారెట్ జ్యూస్‌తో పోదు. మేనమామకు రంగుల తేడా తెలియకపోతే, ఇంటర్‌లో చేరేటప్పుడే కంటి డాక్టర్‌కు చూపించి తేల్చుకోండి.

అపోహ: కల్లు మందు కిందికి రాదు

ఈ మాట చాలామంది అమాయకంగానే అంటారు. చెట్టు కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. అయితే నా భయం కల్తీ కల్లు గురించి. మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం కలిపిన కేసులు ఎక్సైజ్ వాళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఇవి రెండూ బెంజోడయజెపైన్లు అనే నిద్రమాత్రల రకం. ట్రైనీ పైలట్‌ను చేర్చుకునే ముందు చేసే డ్రగ్ టెస్టులో వెతికే మందుల్లో ఈ రకం కూడా ఉంది. పండక్కి ఊరెళ్లి తాత పోసిన ఒక్క గ్లాసు తాగిన పిల్లాడి మూత్రంలో నిద్రమాత్ర తేలితే, "తెల్వక తాగిన సార్" అంటే ఎవరు వింటారు? హోలీ భంగు సంగతీ ఇంతే, గంజాయి కింద లెక్క. పైలట్ అయ్యాక కూడా ఫ్లైట్‌కు 12 గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు.

అపోహ: ముందు వారం బాగా జిమ్ చేసి, పరగడుపున ఫస్ట్ బస్సెక్కితే సరి

బరువులెత్తి వచ్చినవాళ్లకు మూత్రంలో ప్రొటీన్ కనిపించవచ్చు, లివర్ ఎంజైములు పెరగవచ్చు. కొన్ని రోజుల ముందే జిమ్ ఆపండి. తెల్లవారుజామున బస్సులో నిద్ర లేకుండా వచ్చి, టెన్షన్‌తో కూర్చుంటే బీపీ 140/90 దాటడం మామూలే. ముందు రాత్రే హైదరాబాద్ చేరుకుని పడుకోండి. పరగడుపు అంటే మంచినీళ్లు కూడా మానేయమని కాదు. ఎనర్జీ డ్రింకులు మానండి. డీజే బాక్సుల పక్కన ఎగిరిన మర్నాడు వినికిడి పరీక్షకు రావద్దు, ఆ హోరు దిగడానికి టైం పడుతుంది. చెవిలో గుబిలి ఉంటే పుల్లతో గెలక్కుండా ఈఎన్‌టీ దగ్గర తీయించుకోండి. జలుబుంటే తేదీ మార్చుకోండి. ఆడపిల్లలు నెలసరి రోజులు తప్పించి తేదీ పెట్టుకుంటే మంచిది, మూత్ర పరీక్షలో రక్తం కనిపిస్తే మళ్లీ రమ్మంటారు. హిమోగ్లోబిన్ మాత్రం మూడు నెలల ముందే చూసుకోండి. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, రక్తం తక్కువున్నవాళ్లకు అక్కడ ఆక్సిజన్ కటకట తప్పదు. దానిమ్మ రసంతో వారంలో పెరిగేది కాదు.

అపోహ: చిన్నప్పటి ఫిట్స్, ఆపరేషన్లు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఒకసారి అన్‌ఫిట్ అంటే కథ ముగిసినట్టే

ఈ రెండు అపోహలూ జంటగా వస్తాయి. అన్‌ఫిట్ భయంతోనే దాస్తారు. ఫారంలో ఉన్న ప్రశ్నలకు జవాబు రాసి సంతకం పెట్టేది మీరు. దాచిన సంగతి ఏళ్ల తర్వాత బయటపడితే లైసెన్స్‌కే ముప్పు. కడుపు మీద కుట్ల గీత కనిపిస్తూనే ఉంటుంది, "ఏమీ లేదు సార్" అంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. పసితనంలో జ్వరంతో వచ్చిన ఫిట్స్ వేరు, జ్వరం లేకుండా పెద్దయ్యాక వచ్చేవి వేరు. ఆ తేడా తేల్చాల్సింది డాక్టర్, దాచిపెట్టే మేనత్త కాదు. ఇక మేం రాసే అన్‌ఫిట్లలో ఎక్కువ భాగం తాత్కాలికం. బీపీ, బరువు, రక్తహీనత లాంటివి సరిచేసుకుని మళ్లీ పరీక్షకు రావచ్చు. శాశ్వత అన్‌ఫిట్ రాసినా అప్పీలుకు దారి ఉంది.

వచ్చేటప్పుడు గుర్తింపు కార్డు, అద్దాలు, వాటి ప్రిస్క్రిప్షన్, పాత డిశ్చార్జ్ కాగితాలు, వాడే మాత్రల చీటీ తెచ్చుకోండి. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి మూతపడి కాగితాలు దొరకకపోతే, ఒక సర్జన్‌కు చూపించి ఇప్పుడు ఇబ్బందేమీ లేదని రాయించుకుని రండి.