రాయగడ కారు గొడవకు మూలం ఒక పేరు

రాయగడలో కారు గొడవ మళ్లీ రాజుకుంది. పార్వతీపురం నుంచి వస్తూ కల్వర్టు గోడను రాసుకున్న కొత్త బండి రిపేరు ఖర్చును డ్రైవర్ జీతంలో కోస్తానని ఓనరుగారు అంటున్నారు. ఆటోపైలట్ ఉన్న బండిని కూడా గుద్దేశాడన్నది ఆయన వాదన.

డ్రైవర్ కథ కాస్త పొడుగు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు నుంచీ ఓనరుగారికి ఒకటే సరదా. చుట్టాలు ఎక్కగానే, ఆయన ఆటోపైలట్ అనే క్రూజ్ కంట్రోల్ (పెట్టిన స్పీడును నిలకడగా ఉంచే పరికరం) పెట్టించి, "కాలు తీసెయ్, చూడనీ" అనడం. ఆ రోజు పల్లం దిగుతుంటే అదే మాట. "దీనికి స్పీడు తెలుసు గానీ మలుపు తెల్దు బాబూ అన్నాను. వింటే కదా! బ్రేకు తొక్కేసరికే బండి గోడ దగ్గరికి వెళ్లిపోయింది."

ఈ సరదా పాతదే. 1914లో పారిస్ దగ్గర లారెన్స్ స్పెర్రీ అనే అమెరికా పైలట్ విమానం నడుపుతూనే చేతులు పైకెత్తి చూపించాడు. మెకానిక్ రెక్క మీదికి నడిచినా, ఆటోపైలట్‌లోని జైరోస్కోపులు (గిరగిర తిరిగే చక్రాలు) విమానాన్ని ఒరగనివ్వలేదు. జనం చప్పట్లు కొట్టారు.

నన్నడిగితే అసలు తేడా వచ్చింది 1958లో. అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కి ఐదేళ్లప్పుడే చూపు పోయింది. ఆయన లాయరు కారు నడుపుతూ మాట్లాడితే స్పీడు తగ్గించేవాడు, వింటుంటే పెంచేవాడు. ఆ కుదుపులు భరించలేక టీటర్ స్పీడు నిలకడగా ఉంచే పరికరం చేశాడు. 1950లో పేటెంటు వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత క్రైస్లర్ కంపెనీ దాన్ని ఇంపీరియల్ కారులో పెట్టి 'ఆటో-పైలట్' అని పిలిచింది. స్టీరింగు జోలికే పోని వస్తువుకి పైలట్ పేరు! క్రూజ్ కంట్రోల్ అన్న పేరు తర్వాత వచ్చింది గానీ, పాత పేరు జనం నోట్లోంచి పోలేదు. పెద్ద వ్యాను కొన్నవాడు బటన్ నొక్కేసి, కాఫీ పెట్టుకుందామని వెనక్కి వెళ్లాడన్న కట్టుకథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

మామూలు క్రూజ్ కంట్రోల్ ఇంజనుకి ఇంధనం తగ్గిస్తుంది, పెంచుతుంది, అంతే. బ్రేకు వేయదు. నిటారు పల్లంలో బండి పెట్టిన స్పీడు దాటి పరుగెత్తగలదు. డ్రైవర్ మొత్తుకున్నదీ అదే.

షెడ్డులో బండి చూశాను. బంపరు మీద కల్వర్టు సున్నం ఇంకా అలాగే ఉంది. డ్యాష్‌బోర్డు అరలో మాన్యువల్, ప్లాస్టిక్ కవరు విప్పకుండా.